నాగరత్నం కథలో నేను పెట్టిన దీపం

"మేడమ్, కథలో సింబల్ ఎక్కడ పెట్టాలి? మొదట్లోనా, చివర్లోనా?"

ఈమధ్య విజయవాడలో ఒక కాలేజీవాళ్ళు కథల వర్క్‌షాపు పెట్టి నన్ను పిలిస్తే, ముందువరసలో కూర్చున్న అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. ఆ పిల్ల తప్పేం లేదు. ఆమె చేతిలో ఒక జిరాక్సు కాయితం ఉంది. వాన అంటే ఆశ, కాకి అంటే చావు, దీపం అంటే ప్రాణం, మూసిన తలుపు అంటే ఒంటరితనం అని అందులో వరసగా రాసి ఉంది. వచ్చినవాళ్ళందరికీ నిర్వాహకులే పంచిపెట్టారు. నేను ఆ కాయితం అడిగి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. "ఇది నీకు అక్కర్లేదమ్మా" అన్నాను. నిర్వాహకుడి మొహం మాడిపోయింది. మాడనివ్వండి. రిటైరైన మనిషిని, నన్ను ఇప్పుడు ఎవరూ ఏ సెక్షన్‌కీ మార్చలేరు.

ముప్ఫై ఏళ్ళ పైచిలుకు ఒక వారపత్రికలో కథల పేజీలు చూశాను. ఆ పత్రిక ఇప్పుడు లేదు. పేరు చెప్పను, అందులో పనిచేసినవాళ్ళు ఇంకా ఉన్నారు. ఈ ఉద్యోగంలోకి వద్దామనుకునే పిల్లలు, కథలు రాసే పిల్లలు ఈ నాలుగు ముక్కలూ చదివితే చాలు. నాకు జీతం ఎప్పుడు పెరిగింది, సన్మానం ఎవరు చేశారు అన్నవి మీకు అనవసరం. నేను చేసిన తప్పులు మాత్రం అవసరం.

ఏ ఊరి వాన?

మా ప్రధాన సంపాదకుడు చలపతిగారు చదువుకున్న మనిషి. మంచి భాష, మంచి మనసు. కథకి ముగింపు బాగాలేదనిపిస్తే ఆయన చేతిలోని ఎర్ర పెన్ను ఊరుకునేది కాదు. ఆయనకీ మనసులో ఆ జిరాక్సు కాయితంలాంటిదే ఒకటి ఉండేది.

నేను చేరిన కొత్తలో ఒక బ్యాంకు ఉద్యోగి కథ పంపాడు. మొగుడితో పోట్లాడి పుట్టింటికొచ్చిన ఒక రైతు కూతురు మళ్ళీ ధైర్యం తెచ్చుకునే కథ. ముగింపు చప్పగా ఉందని చలపతిగారు ఒక పేరా కలిపారు. వరికోతలైన చేలో ఆ అమ్మాయి నిలబడి ఉంటుంది, వాన మొదలవుతుంది, ఆమె మొహం పైకెత్తి నవ్వుతుంది.

నేను పామర్రు దగ్గర పల్లెలో వ్యవసాయం ఇంట్లో పుట్టినదాన్ని. "కోసిన పనలు చేలో ఉండగా వాన పడితే మా వైపు ఎవరూ నవ్వరండీ. గింజ మొలకెత్తిపోతుంది. ఇంటిల్లిపాదీ గోనెపట్టాలు పట్టుకుని పరిగెడతారు" అన్నాను.

"నువ్వు మరీ పల్లెటూరిదానిలా మాట్లాడకమ్మా. పాఠకుడికి వాన అంటే వానే" అన్నారాయన.

కథ అలాగే వచ్చింది. తరవాత ఉత్తరాలూ వచ్చాయి. దివిసీమ నుంచి ఒకాయన కార్డు మీద రెండే లైన్లు రాశాడు: "మీ కథలో అమ్మాయికి మతి చలించినట్టుంది. పెద్దాసుపత్రిలో చూపించండి." చలపతిగారు ఆ కార్డు నాకిచ్చి తన గదిలోకి వెళ్ళిపోయారు.

అదే వాన, మైలవరం వైపు మెట్ట చేలో విత్తనం వేసి రోజూ ఆకాశంకేసి చూసేవాడి కథలో పడితే చదివేవాడికి ప్రాణం లేచొస్తుంది. రెండు ఊళ్ళకీ మధ్య బస్సులో మూడు గంటల దూరం కూడా ఉండదు. వానకి అర్థం మబ్బులో ఉండదు, కింద చేలో ఉంటుంది. ఇది నాకు ఎవరూ నేర్పలేదు, పుట్టుకతో తెలుసు. నా చిక్కంతా అక్కడే మొదలైంది.

ఎందుకంటే ఆ తరవాత చలపతిగారు కథల చివర్లు నాకే వదిలేశారు. "అది భారతిని అడగండి" అని నా పేరు చెప్పడం ఆఫీసులో అలవాటైపోయింది. అది నాకు తలకెక్కింది. వరిచేను తెలిసినంత మాత్రాన అన్నీ తెలిసినట్టే అనుకున్నాను. కొన్నేళ్ళు అలాగే నడిచింది కూడా.

అర పేజీ

నాగరత్నం కథ రూళ్ళ కాయితాల మీద వచ్చింది. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. పామర్రుకి అవతల మగ్గాల ఊరు ఆమెది. అంతకుముందు రెండు చిన్న కథలు వేశాం. మూడోది చదవగానే ఇది వేరే కథ అని తెలిసింది.

కథలో పద్మ అనే ఆవిడ నేత మనిషి. భర్త పోయి రెండేళ్ళయింది. ఉమ్మడి ఇల్లు. బావగారు నూలు తెచ్చిపోస్తాడు, ఆవిడ చీర నేస్తుంది, ఆయన పట్టుకెళతాడు. తిండికి లోటు లేదు, మాటకి లోటు. ఆవిడకి కాళ్ళు దించి కూర్చుని నేసే ఆ మగ్గం గుంటలోంచి లేచి బయటికెళ్ళి బతకాలని ఉంది. అది ఎవరితోనూ అనదు. చివర్లో చీర పూర్తవుతుంది. ఆఖరి వాక్యం ఇది: "పద్మ పోగు మిగల్చకుండా కోసేసి, కత్తెర గూట్లో పెట్టింది."

నాకు ఆ వాక్యం నచ్చలేదు. చీర అయిపోతే కోస్తారు, ఇందులో ఏముంది అనుకున్నాను. అంత కథ నడిపి చివర చెయ్యి వదిలేసిందనుకున్నాను. ఆ వాక్యం కొట్టేసి నా వాక్యాలు రాశాను: "గూట్లో దీపం ఒక్కసారి రెపరెపలాడి ఆరిపోయింది. పద్మ మగ్గం మీద తల వాల్చి అలాగే కూర్చుండిపోయింది."

రాసి మురిసిపోయాను కూడా. దాచుకోవడం దేనికి?

అంతకన్నా పెద్ద తప్పు దానికి ముందే చేశాను. కథ రెండో పేజీలో అర పేజీ కొట్టేశాను. బతికున్న రోజుల్లో పద్మ భర్త చీర కోస్తాడు. మొత్తం కొయ్యడు, జానెడు పోగులు మగ్గానికే వదిలేస్తాడు. మర్నాడు తరవాతి చీర నిలువు పోగులతో కొత్త పడుగు వస్తుంది. మొగుడూ పెళ్ళాం ఎదురెదురుగా కూర్చుని, వేళ్ళకి బూడిద రాసుకుని, పాత పోగుకి కొత్త పోగు ఒక్కొక్కటే మెలిపెట్టి అతుకుతారు. ఆ అతికేటప్పుడే ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటారు. కొట్టేయడానికి నేను మార్జిన్‌లో రాసుకున్న కారణం "వృత్తి వివరం, కథకి అనవసరం". అసలు కారణం ఆ పేజీలో ఒక చీరల షాపు ప్రకటన పట్టాలి.

చలపతిగారు ప్రూఫు చూసి, "దీపం అద్భుతంగా కుదిరిందమ్మా" అన్నారు.

దీపం ఎవరు పెట్టారండీ

పత్రిక వచ్చాక పదిరోజులకి నాగరత్నం ఆఫీసుకొచ్చింది. ముప్ఫై ఐదేళ్ళుంటాయి. బస్సు దిగి ఎండలో నడిచొచ్చినట్టుంది, మంచినీళ్ళిస్తే గ్లాసు మొత్తం తాగింది. కుర్చీ చివర కూర్చుంది.

"కథ వేసినందుకు థ్యాంక్సండీ" అంది ముందు. తరవాత సంచిలోంచి పత్రిక తీసి, ఆ పేజీ తెరిచి నా బల్ల మీద పెట్టింది. "మా ఇంట్లో దీపం ఎవరు పెట్టారండీ? మాకు మగ్గం దగ్గర కరెంటు బల్బు ఉంది."

నవ్వి తేల్చేద్దామనుకున్నాను. "దీపం అంటే దీపమే కాదమ్మా, ఆవిడ ఆశ ఆరిపోయిందని..."

"ఆవిడ ఆశ ఆరిపోలేదండీ."

అప్పుడు చెప్పింది. మగ్గం మీద పోగులు వదలకుండా ఎవరూ కొయ్యరు. ఆ జానెడు పోగులుంటేనే కొత్త పడుగు అతుకుతారు. అవి లేకపోతే మళ్ళీ మొదటినుంచీ ఒక్కో పోగూ ఎక్కించుకోవాలి, అది రోజుల తరబడి పని. పనికోసమే కాదు, మగ్గం బోసిగా ఉండకూడదని పెద్దవాళ్ళ పట్టింపు. ఇంటిల్లిపాదీ పస్తున్నా, చావు జరిగినా, పోగులు మాత్రం మగ్గం మీదే ఉంటాయి. మొత్తం కోసేశారంటే ఆ ఇంట్లో ఇక నేత లేదని.

"మీరు ఆవిణ్ణి మళ్ళీ గుంటలోనే కూర్చోబెట్టారండీ" అంది నాగరత్నం.

నాకు ముందు సిగ్గు రాలేదు. కోపం వచ్చింది, ఆమె మీదే. "పాఠకులందరికీ మగ్గం సంగతి ఎలా తెలుస్తుంది నాగరత్నంగారూ? మీరు చెప్పాలి కదా" అన్నాను.

"చెప్పానుగదండీ, రెండో పేజీలో. అదేగా మీరు తీసేసింది."

ఆ తరవాత వచ్చింది సిగ్గు. ఇప్పుడు తల్చుకున్నా చెవులు వేడెక్కుతాయి.

అంతటితో అయితే క్షమాపణ చెప్పి కాఫీ ఇచ్చి పంపేదాన్నేమో. ఆమె లేవలేదు. పద్మ ఎవరో కాదు, తనేనని అప్పుడు చెప్పింది. పామర్రులో ఒక చీరల కొట్టువాళ్ళు ఆమెని పనిలోకి రమ్మన్నారు. చీర చూడగానే నూలు సంగతీ నేత సంగతీ చెప్పగల మనిషి వాళ్ళకి కావాలి. వచ్చే నెల ఒకటో తారీకున చేరాలి. లేకపోతే ఇంకొకర్ని చూసుకుంటామన్నారు. కూతురు తొమ్మిదో తరగతి. కొట్టు పక్క వీధిలోనే గది కూడా చూసుకుంది.

"మరి మీ బావగారితో చెప్పారా?"

"మా ఇళ్ళల్లో బావగారి ముందు కుర్చీలో కూడా కూర్చోమండీ. ఇంక ఎదురు మాటా? అందుకే రాశాను. ఆయన పత్రిక మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీదాకా చదువుతారు. నేను నోటితో అంటే వినరుగానీ, పత్రికలో పడ్డ మాటంటే ఆయనకి గౌరవం."

"చదివారా?"

"చదివారు. మా తోడికోడలు అక్కయ్యని పిలిచి, నాకు వినపడేట్టు చెప్పారు. 'చూశావా, మనమ్మాయి ఎంత మంచి మాట రాసిందో. ఎంత కష్టమొచ్చినా ఆవిడ మగ్గం వదల్లేదు' అని. అమావాస్య వెళ్ళాక కొత్త పడుగు తెస్తానన్నారండీ."

మీరు ఏ పాఠ్యపుస్తకంలోనైనా చదవండి, ప్రతీక కథకి లోతునిస్తుందని రాస్తారు. ఎంత లోతునిస్తుందో నాకు ఆ కుర్చీలో కూర్చుని అర్థమైంది. ఒక వాక్యం మారిస్తే ఒక మనిషి జీవితం మళ్ళీ గుంటలోకి వెళ్ళిపోయేంత లోతు.

నా పేరుతో

నాగరత్నాన్ని కూర్చోమని చెప్పి చలపతిగారి గదిలోకి వెళ్ళాను. జరిగింది చెప్పి, ఆమె రాసిన ముగింపూ, ఆ అర పేజీ, రెండూ మళ్ళీ వెయ్యాలన్నాను.

"కథకి సవరణ ఏమిటమ్మా? వార్తా, తారీకు తప్పుపడటానికి? ఇవాళ ఈవిడకి వేస్తే రేపు ప్రతి రచయితా వచ్చి నా వాక్యం నాకిచ్చెయ్యండంటాడు."

"రావాలి కదండీ. వాళ్ళ వాక్యమేగా."

"దీపం బాగుందని ఎన్ని ఉత్తరాలొచ్చాయో నువ్వు చూడలేదా?"

"చూశానండీ. మగ్గాల ఊళ్ళనుంచి ఒక్కటీ రాలేదు."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. అది ఇంక వెళ్ళమని. నేను వెళ్ళాను. వెళ్ళి, ఆయన్ని అడక్కుండా పని కానిచ్చేశాను. పాఠకుల ఉత్తరాల పేజీ కూడా నాదే. నాగరత్నం చేత నా బల్ల దగ్గరే ఒక ఉత్తరం రాయించాను. పోగులు అతికే ఆ అర పేజీ, ఆమె రాసిన ఆఖరి వాక్యం ఉన్నదున్నట్టు అందులో పెట్టించాను. కింద నా మాట: "ఈ కథలో అర పేజీ కొట్టేసిందీ, చివర దీపం పెట్టిందీ నేను. మగ్గం గురించి తెలియక చేశాను. రచయిత్రి రాసిన ముగింపు పైన ఉన్నదే." సంతకం పెట్టాను, హోదాతో సహా.

చలపతిగారు దాన్ని పత్రిక వచ్చాకే చూశారు. అరవలేదు. ఆయన అరిచే మనిషి కాదు. సోమవారం నుంచి నన్ను కథల పేజీలనుంచి తీసేసి రాశిఫలాలకీ వంటల శీర్షికకీ వేశారు. దాదాపు ఏడాది నేను పన్నెండు రాశులవాళ్ళకీ ఉద్యోగంలో మార్పులు సూచించాను. నా రాశికి మాత్రం ఏ మార్పూ రాలేదు. నేను లోపలికెళ్ళి బతిమాలుకుంటానని ఆఫీసులో అందరూ ఎదురుచూశారు. వెళ్ళలేదు. చివరికి ఆయనే పిలిచి కథలు ఇచ్చారు, కారణం చెప్పకుండా. నేనూ అడగలేదు.

అలా చెయ్యడం పద్ధతి కాదని ఇప్పటికీ కొందరు స్నేహితులు అంటారు. పై అధికారికి తెలియకుండా పత్రికలో వెయ్యడం తప్పేనట. తప్పే అనుకోండి. మళ్ళీ అదే పరిస్థితొస్తే మళ్ళీ అదే చేస్తాను. నేను చేసినవాటిలో నన్ను సిగ్గుపెట్టేది దీపం, ఉత్తరం కాదు.

కాబట్టి ఆ కాయితం చించెయ్యండి

కథలు దిద్దబోయే పిల్లలకి నేను చెప్పేది ఒకటే. మీకు చప్పగా కనబడిన వాక్యం నిజంగా చప్పనిదా, మీకు తెలియనిదా అని ముందు ఆలోచించండి. తెలియకపోతే రాసినవాళ్ళని అడగండి. నాగరత్నం కథకి నేను ఒక కార్డు ముక్క రాసి ఉంటే సరిపోయేది. గర్వం అడ్డొచ్చి రాయలేదు.

రాసే పిల్లలకి చెప్పేది ఇంకొంచెం ఉంది. ప్రతీకని తెచ్చి కథలో పెట్టకండి. మీ మనుషులు రోజూ చేసే పని చూడండి. అందులో వాళ్ళు ఎప్పుడూ తప్పని పద్ధతి ఒకటి ఉంటుంది. దాన్ని కథలో ఒకసారి మామూలుగా జరగనివ్వండి. ఇది ప్రతీక అని ఎవరికీ చెప్పకండి, మీకు మీరు కూడా చెప్పుకోకండి. తరవాత ఎప్పుడైనా ఆ మనిషి ఆ పద్ధతి తప్పిందంటే, ఏం జరిగిందో చదివేవాడికి మీరు విడమర్చక్కర్లేదు. బూడిద వేళ్ళతో మొగుడూ పెళ్ళాం పోగులు అతికిన ఆ అర పేజీ ఉండి ఉంటే, మగ్గం మొహం చూడని విజయవాడ బెంజిసర్కిల్ పాఠకుడికి కూడా ఆ కత్తెర చప్పుడు వినపడేది. నేను అది తీసేసి, బదులుగా ఎవరింట్లోనైనా ఆరగలిగే దీపం ఒకటి తెచ్చిపెట్టాను. ఎవరింట్లోనైనా ఆరే దీపం ఎవరిదీ కాదు.

ఇలా అంటే కొందరు విమర్శకులకి కోపమొస్తుంది. సార్వజనీనం అనే మాట వాడతారు. ముప్ఫై ఏళ్ళలో నా బల్ల మీదికొచ్చిన కథల్లో ఆరిన దీపాలన్నీ మళ్ళీ వెలిగిస్తే గుణదల కొండ మీద తిరనాళ్ళంత వెలుగు వస్తుంది. ఒక్కటీ గుర్తులేదు నాకు. నాగరత్నం కత్తెర గుర్తుంది.

పామర్రు కొట్టులో

రాశిఫలాలు రాస్తున్న రోజుల్లోనే ఒకసారి మా ఊరు వెళుతూ పామర్రులో దిగాను. ఆ చీరల కొట్టు వెతుక్కుంటూ వెళ్ళాను. నాగరత్నం అక్కడ ఉంటుందో లేదో తెలియదు. ఆమె ఉత్తరం రాయలేదు, నాకు రాయడానికి మొహం చెల్లలేదు.

ఉంది. తెల్ల పరుపు మీద కూర్చుని ఎవరికో అంచు తిప్పి చూపిస్తోంది. నన్ను చూసి లేచి, పక్కనున్న అమ్మాయికి చీర అప్పగించి వచ్చింది. లోపల స్టూలు వేసి కూర్చోబెట్టి టీ తెప్పించింది.

"బావగారు ఉత్తరం చదివారా?" అన్నాను, టీ రాకముందే.

"చదివారండీ. మడిచి పక్కన పెట్టేశారు. కథల్లో ఏవేవో రాస్తారులే అనుకున్నట్టున్నారు. అమావాస్య వెళ్ళాక అన్నట్టే కొత్త పడుగు తెచ్చారు, అతకడానికి ఒక పెద్దాయన్ని వెంటబెట్టుకుని. నేను వంటింట్లో ఉన్నాను. భయమేసిందండీ, అబద్ధం ఎందుకు."

"మరి?"

"ముందురోజే చీర పూర్తయింది. నేను కోసేశాను, మొత్తం. ఆ పెద్దాయన బూడిద రాసుకుని గుంటలోకి దిగి, పోగుల కోసం చూశాడు. చేత్తో తడిమి చూశాడు. మళ్ళీ పైకెక్కి చేతులు తుడుచుకున్నాడు. బావగారేమో 'ఏదో పొరపాటున కోసుంటుంది, మొదటినుంచీ ఎక్కించు' అంటున్నారు. ఆయన ఒప్పుకోలేదు. 'పొరపాటున ఎవరూ ఇలా కొయ్యరు బాబూ. ఈ మనిషి గుంటలోంచి లేచిపోయింది. పడుగు వెనక్కి పట్టుకెళ్ళండి' అన్నాడు."

"పట్టుకెళ్ళారా?"

"పట్టుకెళ్ళారండీ, ఆ పెద్దాయన మాట కాదనలేక. ఒకటో తారీకున నా పెట్టె బస్సెక్కించింది కూడా బావగారే."

టీ వచ్చింది. నా కోసం కాదు, ఆమె కోసమూ కాదు, ఎందుకో ఆ పెద్దాయన కోసం కళ్ళు నిండాయి. ఎట్టకేలకు నాగరత్నం కథని సరిగ్గా చదివిన పాఠకుడు ఒకడు దొరికాడనిపించింది. ఆ మాటే అన్నాను. "ఆయన మన పత్రిక చదువుతాడన్నమాట."

నాగరత్నం నావైపు వింతగా చూసింది.

"ఆయనకి చదువు రాదండీ" అంది.